డాష్‌బోర్డు వెనకాల గుడగుడ

పంప్‌హౌస్ క్వార్టర్స్, కొండకు అవతల
మంగళవారం

మరదలికి,

ఈ ఉత్తరం వెంటనే రాయడానికి ఒకటే కారణం. ఇది నీ చేతికి అందేలోపు ఆ ఇంజినును నువ్వు మళ్ళీ స్టార్ట్ చేయకూడదు. ఒకసారి మరిగినందుకు ఇంజిను మనల్ని క్షమిస్తుంది. పదే పదే మరిగితే పైనుండే హెడ్డు వంకర తిరుగుతుంది, ఆ తర్వాత ఎంత డబ్బు పోసినా అతుకు నిలవదు. అందుకని తాళంచెవి తీసి అత్తయ్య చేతికి ఇచ్చెయ్యి. ఆవిడ దగ్గర నుంచి దాన్ని తిరిగి తీసుకోవడం ఎంత కష్టమో మనిద్దరికీ తెలుసు.

నీ కార్డు ముక్క నిన్న అందింది. "నాన్న కారులో వ్యాను ఇంజిను పెట్టాను. కాగిపోతోంది. పొగ వస్తోంది. ఏం చేయాలో చెప్పు." ఇంతే రాశావు. రోగి వచ్చి బల్ల మీద కూర్చుని "ఒంట్లో బాగాలేదు" అని ఊరుకున్నట్టుంది.

కాబట్టి కొన్ని అడుగుతాను, ఓపికగా చూసి రాయి. పొగ ఏ రంగు? తెల్లటిదయితే లోపలికి నీళ్ళు చేరుతున్నాయి. నీలంగా ఉంటే ఆయిలు కాలుతోంది. నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది, అది పెద్ద బాధ కాదు. ఎప్పుడు వస్తుంది? పొద్దున స్టార్ట్ చేయగానేనా, ఎత్తు ఎక్కుతున్నప్పుడా, దిగుతున్నప్పుడా? వాసన ఎలా ఉంది? ఆయిలు పోసే మూత తిప్పి చూస్తే లోపల మీగడలాంటిది కనిపిస్తోందా? రేడియేటరు పైగొట్టం, కిందిగొట్టం రెండూ సమానంగా వేడెక్కుతున్నాయా? అది చల్లారాక మాత్రమే రేడియేటరు మూత తియ్యి. వేడి మీద తీస్తే ముఖం కాలుతుంది. ఈ సంగతి నీకు తెలుసని నాకు తెలుసు, అయినా రాస్తున్నాను.

ఫోన్ చేసి అడగొచ్చు కదా అంటావు. ఫోనులో చెప్పిన మాట గాలికి పోతుంది. రాసినదాన్ని షెడ్డు గోడకు అంటించుకుని పని చేసుకోవచ్చు.

మావయ్య పోయిన తర్వాత ఆ కారు మీద ఎవరో చెయ్యి వేశారని వినడం నాకు సంతోషంగానే ఉంది. ఆ చెయ్యి నీదని తెలిసి ఇంకా సంతోషం.

నీ బావ


ఇంటి వెనకాల షెడ్డు
సోమవారం

బావా,

తాళంచెవి అమ్మకు ఇచ్చాను. కొంగుకు ముడివేసుకుని తిరుగుతోంది. నిన్న అడిగితే "నీ బావ చెప్తే ఇస్తాను" అంది. ఇక్కడ లేనివాడి మాటకున్నంత విలువ ఇక్కడున్నదాని మాటకు లేదు మన ఇంట్లో.

సరే, రోగి సంగతి వివరంగా చెప్తాను. పెద్దావిడ (నాన్న పెట్టిన పేరే వాడుతున్నాను, పేరు మారిస్తే ఆవిడ అలుగుతుంది) పాత ఇంజిను బ్లాకు పగిలిందని నీకు తెలుసు. కిందటేడు నీళ్ళు ఇంకిపోయి, కాగి నిలువునా చీలింది. అలాంటిది ఇంకెక్కడా దొరకలేదు. పాత ఇనుము కొట్టులో ఒక వ్యాను ఇంజిను కనబడింది. దానికంటే కాస్త పొడుగు, కాస్త పొగరు. వెల్డరు బాబాయ్, నేను కలిసి పట్టీలు మార్చి, కొత్త కాళ్ళు అతికించి దించాం. బానెట్ మూయడానికి ఇద్దరం దాని మీద కూర్చోవాల్సి వచ్చింది. "అల్లుడు పెద్దవాడు, గది చిన్నది" అన్నాడు బాబాయ్.

పొద్దున స్టార్ట్ చేస్తే తెల్లటి పొగ, కొంచెం తియ్యటి వాసన. వంతెన దిగేటప్పుడు పెడల్ వదిలేసి మళ్ళీ నొక్కితే నీలం పొగ గుప్పుమంటుంది. వెనకొచ్చే స్కూటరువాళ్ళు నన్ను ఏమేమి తిట్టారో రాయను, అమ్మ చదువుతుంది. మార్కెట్టు వీధిలో ఆగి ఉంటే వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటుతుంది. మూత కింద మీగడ లేదు. పైగొట్టం మండిపోతుంది, కిందిది గోరువెచ్చగా ఉంటుంది.

ఇప్పుడు నేను అడుగుతాను. అక్కడ నీ ఉద్యోగం గడువు ఈ ఏడాది చివరికి తీరుతుంది కదా? మన సంగతి పెద్దవాళ్ళు మాట్లాడుకున్న ఏడాదే నువ్వు ఆ కొండ దాటావు. రెండేళ్ళన్నావు. తర్వాత మరో రెండేళ్ళన్నావు. తర్వాత ఏమీ అనడం మానేశావు. నేనూ లెక్క మానేశాను, అలుగుదామంటే ఎదురుగా మనిషి ఉండాలి కదా.

మీ ఆఫీసుకు మూడుసార్లు ఫోన్ చేశాను. ప్రతిసారీ గుమాస్తా "పనిలో ఉన్నారండీ" అన్నాడు. అమ్మ అయితే "వాడికి చెవులున్నాయా అసలు, ఇన్నిసార్లు పిలిస్తే పలకడు" అంది.

పెద్దావిడను నేనెందుకు లేపుతున్నానో అడగవేం?

నీ మరదలు


పంప్‌హౌస్ క్వార్టర్స్
శుక్రవారం

మరదలికి,

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. పొగ గురించి రాసిన భాగం చాలా బాగుంది. ఇంత శ్రద్ధగా చూసి రాసేవాళ్ళు ఇక్కడ మా ఇంజినీర్లలోనూ తక్కువ.

రెండు జబ్బులు ఒకేసారి వచ్చాయి, అందుకే నిన్ను తికమక పెడుతున్నాయి. విడదీసి చూద్దాం.

తెల్లపొగ, తియ్యటి వాసన, పొద్దున్నే ఎక్కువగా రావడం - ఈ మూడూ కలిస్తే హెడ్డు కింద అతుకులో ఉండే గ్యాస్కెట్టు రేకు ఎక్కడో కాలి, కూలెంటు కలిపిన నీళ్ళు సిలిండరులోకి కారుతున్నాయని అర్థం. ప్లగ్గులన్నీ తీసి వరసగా పేర్చు. వాటిలో ఒకటి కడిగినట్టు శుభ్రంగా ఉంటుంది, దోషి ఆ సిలిండరు గదే. హెడ్డు విప్పేటప్పుడు బోల్టులు అంచుల నుంచి మధ్యకు కొంచెం కొంచెంగా వదులు చెయ్యి. బిగించేటప్పుడు మధ్య నుంచి అంచులకు వెళ్ళు. విప్పిన హెడ్డు మీద ఇనుప స్కేలు నిలబెట్టి వెలుతురులో చూడు. కింద సందులోంచి వెలుగు కనిపిస్తే లేతు పనివాడి దగ్గర చెక్కించాల్సిందే.

నీలం పొగకు వ్యాను ఇంజినును తప్పుపట్టడానికి ముందు ఒక సంగతి చూడు. ఇంజిను కడుపులో పుట్టే ఆవిరి బయటికి పోవడానికి పక్కన ఒక గొట్టం ఉంటుంది. ఇంజిను మార్చినప్పుడు ఆ గొట్టానికి చోటు దొరికిందా? దొరక్కపోతే నువ్వేం చేశావు? నిన్ను నిలదీయడం కాదు. ఆ స్థితిలో ఎవరైనా ఏదో ఒకటి చేస్తారు.

ఇక్కడ అంతా మామూలే. పెద్ద డీజిలు ఇంజిన్లు ఎనిమిది, కొండ మీదికి నీళ్ళు తోస్తూనే ఉంటాయి. ఇంజిన్ల హాలులో ఎవరికీ ఎవరి మాటా అందదు, అందరం చేతులతోనే మాట్లాడుకుంటాం. చూపుడువేలు తిప్పితే "వేగం పెంచు", అరచెయ్యి చూపిస్తే "ఆపు", చెంప మీద చెయ్యి ఆనిస్తే "టీకి వస్తావా". వంటమనిషి కూడా మా భాష నేర్చుకున్నాడు. ఇక్కడ నేను ఎవరికీ తీసిపోను. ఆ సుఖం మనిషికి అలవాటవుతుంది.

గడువు సంగతి తర్వాత రాస్తాను. పెద్దావిడను ఎందుకు లేపుతున్నావో అడగాలనే ఉంది. జవాబు తెలిస్తే ఏం రాయాలో తెలియక అడగలేదు.

నీ బావ


షెడ్డు
బుధవారం

బావా,

మూడో గది! ప్లగ్గు తీస్తే కొత్త గిన్నెలా మెరిసింది. గ్యాస్కెట్టు అక్కడ వేలిగోరంత కాలిపోయి ఉంది. స్కేలు పెట్టి చూస్తే వెలుగు సన్నటి దారంలా కనబడింది. లేతు పనివాడు చెక్కి ఇచ్చాడు, "ఎవరు చెప్పారమ్మా నీకు ఈ స్కేలు పద్ధతి" అన్నాడు. "కొండ అవతల ఒక పెద్దమనిషి ఉన్నాడులే" అన్నాను. బోల్టులు మధ్య నుంచి అంచులకే బిగించాను, నీ ఉత్తరం గోడకు అంటించుకుని. తెల్లపొగ పోయింది.

ఇక ఆ గొట్టం సంగతి. చెప్పడానికి సిగ్గేస్తోంది. అది స్టీరింగు రాడ్డుకు తగులుతోందని పీకేసి, ఆ కన్నంలో సీసా బిరడా బిగించాను. బాబాయ్ చూసి నేల మీద కూర్చుని నవ్వాడు. "దానికి ఊపిరాడకుండా ముక్కు మూసి, పొగ తాగుతోందని తిడతావేమిటే" అన్నాడు. బిరడా తీసి, గొట్టం వంచి కిందికి దించాం. నీలం పొగా పోయింది.

అయినా కాగుతోంది బావా. మార్కెట్టు వీధి దాకా కూడా వెళ్ళడం లేదు. పోస్టాఫీసు మలుపులోనే ముల్లు ఎగిరి కూర్చుంటుంది, ఒక్కోసారి దానంతట అదే పడిపోతుంది, మళ్ళీ ఎగురుతుంది. థర్మోస్టాటు కొత్తది వేశాను. బెల్టు బిగించాను. గొట్టాలన్నీ నొక్కి చూశాను.

పోస్టాఫీసు మలుపు దాటి వెళ్ళడానికైతే తాళంచెవి ఇవ్వనని అమ్మ మొండికేసింది. "రేపు దారి మధ్యలో ఆగిపోతే నువ్వూ ఆ పెద్దావిడా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చుంటారు" అంది. "ఎక్కడికి వెళ్తున్నానని అడిగావా?" అంటే, "అడగాలా? ఈ ఊళ్ళో మార్కెట్టుకు ఎవరైనా చలికోటు కుట్టించుకుని వెళ్తారా" అంది. కోటు కుట్టించినది నిజమే. కొండ మీద చలిగా ఉంటుందని విన్నాను.

ఇంకొక విషయం ఉంది. నువ్వు అడిగితే చెప్దామని మొదటి నుంచీ ఎదురుచూస్తున్నాను. అడగడం లేదు. నువ్వు అడిగేదాకా నేను చెప్పను.

నీ మరదలు


పంప్‌హౌస్ క్వార్టర్స్
గురువారం

మరదలికి,

రెండు జబ్బులు పోయాయి. సీసా బిరడా సంగతి చదివి నేనూ నవ్వాను, ఇది బాబాయికి చెప్పు. నేనూ ఒకప్పుడు అంతకంటే పెద్ద తప్పే చేశాను, మావయ్య దాన్ని ఎవరికీ చెప్పలేదు.

మూడోది మిగిలింది. ఫ్యాను గాలిని లోపలికి లాగుతోందా, బయటికి తోస్తోందా? ఇంజిను మార్చినప్పుడు తీగలు తారుమారైతే ఫ్యాను ఎదురు తిరుగుతుంది. రేడియేటరు ముందు ఒక కాగితం పట్టుకో. అతుక్కుంటే మంచిది, ఎగిరిపోతే తీగలు మార్చు. అది సరిగ్గానే ఉంటే, కొత్త ఇంజినుకు పాత రేడియేటరు చాలడం లేదేమో. ఇంకొంచెం పెద్దది దొరుకుతుందేమో చూడు. నిజం చెప్పాలంటే, ఈసారి నేను ఊహిస్తున్నాను. ముల్లు ఎగిరి దానంతట అదే ఎందుకు పడుతోందో నాకు అంతుపట్టలేదు.

నన్ను ఏం అడగమంటున్నావో కూడా అంతుపట్టలేదు.

గడువు సంగతి దాచడం న్యాయం కాదు కాబట్టి రాస్తున్నాను. ఇంకో అయిదేళ్ళకు కాగితం తెచ్చి ఇచ్చారు. నెలాఖరుకు సంతకం పెట్టాలి. పెడదామనే అనుకుంటున్నాను. చలికోటు సంగతి చదివాక ఆ కాగితాన్ని బల్ల మీద నుంచి తీసి డ్రాయరులో పెట్టాను, కానీ నా ఉద్దేశం మారలేదు. మన షెడ్డుకు ఇప్పుడు పనికొచ్చే మనిషిని నేను కాను. కారణం అడగవద్దు.

నీ బావ


షెడ్డు
ఆదివారం

బావా,

కాగితం అతుక్కుంది. ఫ్యాను సరిగ్గానే ఉంది. రేడియేటరు కూడా సరిపోతుంది, లేతు పనివాడు కొలిచి చూశాడు.

ఇవాళ నవ్వులాటగా రాయలేను. నీ ఉత్తరాలన్నీ గోడ మీద నుంచి తీసి బల్ల మీద పరిచి చదివాను. రంగు అడిగావు. వాసన అడిగావు. వేడి అడిగావు, గొట్టాలు తాకి చూడమన్నావు, వెలుతురులో స్కేలు పట్టమన్నావు, కాగితం పట్టుకోమన్నావు. ఇన్ని అడిగావు కానీ, మన షెడ్డులో మొట్టమొదట అడిగే మాట ఒక్కసారీ అడగలేదు.

"ఏమంటోంది?"

ఏ బండి వచ్చినా నాన్న చేసే పని నీకు గుర్తు లేదనుకోను. బానెట్ ఎత్తడానికి ముందు, ఇంజిను నడుస్తుండగా, బండివాడు టీ తాగి గ్లాసు దించేదాకా, నాన్న ఒక పక్క, నువ్వొక పక్క కళ్ళు మూసుకుని నిలబడేవాళ్ళు. "రిపేరుకు వస్తే నిద్రపోతున్నారేమిటండీ" అనేవాళ్ళు కొత్తవాళ్ళు. నాన్న కళ్ళు తెరిచి "ఏమంటోందిరా?" అనేవాడు. నువ్వు చెప్పేవాడివి. ఎప్పుడూ నువ్వే ముందు చెప్పేవాడివి. నీ పొడుగు స్క్రూడ్రైవరు, పిడి చెవికి ఆనించి ఇంజిను గుండె వినేవాడివే, అది ఇంకా అదే మేకుకు వేలాడుతోంది. ఎవరినీ ముట్టుకోనివ్వను.

పెద్దావిడ మొదటి రోజు నుంచీ ఒక మాట అంటోంది. డాష్‌బోర్డు వెనకాల, హీటరు ఉండే చోట, సన్నమూతి కూజాలోంచి నీళ్ళు వంచినట్టు గుడగుడ. ముల్లు ఎగరడానికి సరిగ్గా ముందు వస్తుంది. ఆ మాట నీకు మొదటి ఉత్తరంలోనే చెప్పి ఉండవచ్చు. నువ్వు అడగాలని పట్టుపట్టాను. ముందు అలుగుదామనుకున్నాను, పరాయివాడివైపోయి మన పద్ధతే మరిచిపోయావని. తర్వాత ఫోను గుర్తొచ్చింది. "ఫోనులో చెప్పిన మాట గాలికి పోతుంది" అన్నది గుర్తొచ్చింది. నీ చెవుల గురించి అమ్మ విసురుగా అన్న మాట గుర్తొచ్చింది. చేతులతో మాట్లాడుకునే హాలులో ఎవరికీ తీసిపోనని నువ్వు రాసింది గుర్తొచ్చింది.

నువ్వు పద్ధతి మరిచిపోలేదు. అడిగి లాభం లేదనుకున్నావు.

ఎంత వినిపిస్తుంది బావా? నాకు నిజం రాయి. జాలిపడను. కోపం మాత్రం వస్తోంది, ముందే చెప్తున్నాను.

నీ మరదలు


పంప్‌హౌస్ క్వార్టర్స్
బుధవారం

మరదలికి,

నిజం రాస్తాను. ముందు కారు సంగతి, ఎందుకంటే అది తేలిక.

గుడగుడ అన్న ఒక్క మాటతో అంతా తేలిపోయింది. లోపల గాలి చిక్కుకుంది. కొత్త ఇంజిను పాతదానికంటే పొడుగు, అందుకే బానెట్ మీద మీరిద్దరూ కూర్చోవాల్సి వచ్చింది. కార్డు తర్వాత రాసిన మొదటి ఉత్తరంలోనే నువ్వు ఆ సంగతి రాశావు, నేను నవ్వుకుని వదిలేశాను. హెడ్డు ఇప్పుడు రేడియేటరు మూత కంటే ఎత్తులో ఉంది. రేడియేటరు అంచుదాకా నింపినా హెడ్డు పైభాగంలోనూ, హీటరులోనూ గాలి బుడగ మిగిలిపోతుంది. ఆ బుడగ వచ్చి కూర్చున్నప్పుడు ముల్లు ఎగురుతుంది, కదిలిపోయినప్పుడు పడుతుంది. నిర్ధారణ కావాలంటే, ముల్లు ఎగిరిన వేళ హీటరు తిప్పి చూడు. చల్లటి గాలి వస్తుంది.

వైద్యం ఇది. చల్లటి ఇంజినుతో కారును ముక్కు పైకి ఉండేలా వాలు మీద నిలబెట్టు. హీటరు పూర్తిగా తెరువు. హెడ్డుకు, హీటరుకు మధ్య ఉన్న గొట్టంలో అన్నిటికన్నా ఎత్తయిన చోట పట్టీ వదులు చేసి, గాలి పోయి నీళ్ళు కారేదాకా నిదానంగా నింపు. తర్వాత బాబాయ్ చేత ఇంజిను వెనకున్న రేకు గోడ మీద, అన్నిటికంటే ఎత్తులో, ఒక చిన్న నీళ్ళ డబ్బా అతికించి గొట్టం కలపమను. ఇక గాలి అక్కడికి చేరుతుంది, హెడ్డులో నిలవదు.

ఇక నా సంగతి. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవికి దగ్గరగా గట్టిగా మాట్లాడితే మాట ఉందని తెలుస్తుంది, ఏ మాటో తెలియదు. హాలులోని హోరు ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా తినేసింది. మొదట ఇక్కడి పిట్టల కూత పోయింది. వలస పోయాయనుకున్నాను. తర్వాత ఫోను మోగడం పోయింది. డాక్టరు చూశాడు, తిరిగి రాదన్నాడు.

రెండో గడువు తీరినప్పుడే వచ్చేయాలనుకున్నాను. పెట్టె కూడా సర్దాను. కానీ మావయ్య తన పక్కన నిలబెట్టుకున్నది నా చెవుల కోసం. ఆ మేకుకు ఉన్న స్క్రూడ్రైవరు తీసి, ఎవరి బండికో ఆనించి, ఏమీ వినబడక నిలబడితే నువ్వు చూస్తావు. ఆ దృశ్యం తప్పించుకోవడానికే ఇక్కడ ఉండిపోయాను. ఇక్కడ చెవిటితనం పనిలో భాగం. అక్కడ నేనంటే అదే అవుతుంది.

నీ గొంతు ఎలా ఉండేదో గుర్తుంది. అది చాలని సరిపెట్టుకున్నాను. నీ ఉత్తరాలు మొదలయ్యాక అది చాలడం లేదు.

నీ బావ


షెడ్డు
శనివారం

బావా,

కోపం వస్తుందన్నాను, వచ్చింది. ఏడుపు కూడా వచ్చింది. రెండూ అయ్యాక పెద్దావిడను పోస్టాఫీసు వాలు మీద ముక్కు పైకెత్తి నిలబెట్టాను. నువ్వు చెప్పినట్టే ముల్లు ఎగిరినప్పుడు హీటరు చల్లగా ఊదిందని నిన్ననే చూసుకున్నాను. పట్టీ వదులు చేస్తే గొట్టం ఫుర్రుమని ఊదింది, ఊదింది, ఇంత గాలి ఎక్కడ దాచుకుందో, తర్వాత నీళ్ళు వచ్చాయి. బాబాయ్ డబ్బా అతికించాడు. అమ్మ తాళంచెవి తనే తెచ్చి ఇచ్చి ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. మార్కెట్టు వీధి, వంతెన, పెద్దరోడ్డు, మళ్ళీ మార్కెట్టు. ముల్లు మధ్యలో నిలబడి కదల్లేదు. గుడగుడ లేదు. పొగ లేదు. అమ్మ "మీ నాన్న నడిపినట్టుంది" అని కిటికీ వైపు తిరిగింది.

ఇప్పుడు విను, అంటే చదువు. షెడ్డులో వినడానికి నేనున్నాను. నాన్న పోయాక ఇన్నాళ్ళూ ఎవరు విన్నారనుకున్నావు? నాకు వినబడుతుంది, దాని అర్థం తెలియదు. గుడగుడ నేను విన్నాను, అదేమిటో నువ్వు చెప్పావు. ఒకరి దగ్గర చెవులు, ఒకరి దగ్గర బుర్ర. ఇన్నాళ్ళూ మధ్యలో ఒక కొండ ఉంది, అంతే.

చేతుల భాష నేర్పించు. చెంప మీద చెయ్యి ఆనిస్తే టీ అని నాకిప్పటికే వచ్చేసింది. అమ్మకు కూడా వచ్చేసింది, పొద్దున్నుంచీ చెంప మీద చెయ్యి తియ్యడం లేదు.

సంతకం పెట్టకు. నీ జవాబు రాగానే బయలుదేరతాను. పెద్దావిడ ఆ కనుమ ఎక్కుతుందా?

నీ మరదలు


పంప్‌హౌస్ క్వార్టర్స్
మంగళవారం

మరదలికి,

ఏమంటోంది పెద్దావిడ?

ఈ మాట రాయడానికి చాలాసేపు పట్టింది. మొదటి ఉత్తరంలో రాయాల్సింది.

కనుమ ఎక్కుతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టు. రెండో గేరులో ఎక్కు, తొందరపెట్టకు. ముల్లు మధ్య గీత దాటితే హీటరు తెరిచిపెట్టు, నీకు ఉక్కగా ఉంటుంది కానీ ఇంజినుకు ఊరట. శిఖరం చేరగానే ఆపెయ్యకు. కాసేపు అలాగే తిరగనిచ్చి, అప్పుడు ఆపు. నీళ్ళ డబ్బా మూత వేడిగా ఉన్నప్పుడు ముట్టుకోకు. ఇదీ నీకు తెలుసు. అయినా రాస్తున్నాను.

సంతకం పెట్టలేదు. కాగితం తిరిగి ఇచ్చేశాను. పెట్టె సర్దాను, ఈసారి తాళం కూడా వేశాను. ఆ స్క్రూడ్రైవరును కారులో పడేసుకుని రా.

ఇక్కడ ఒక సంగతి నేర్చుకున్నాను, ఎవరికీ చెప్పలేదు. తిరుగుతున్న ఇంజిను మీద అరచెయ్యి ఆనిస్తే బేరింగు పోతున్న సంగతి వేళ్ళకు తెలుస్తుంది. స్క్రూడ్రైవరు పిడిని పళ్ళ మధ్య పట్టుకుంటే ఇంకొంచెం తెలుస్తుంది. చూసేవాళ్ళకు నవ్వొస్తుంది, నీకు కూడా వస్తుంది, నవ్వు. ఈ ఎనిమిది ఇంజిన్ల దగ్గర అది నన్ను మోసం చెయ్యలేదు. కానీ వీటితో నాకు ఏళ్ళ పరిచయం.

నువ్వు హారను కొడితే నాకు వినబడదు, కాబట్టి గేటు దగ్గర కాకుండా మలుపు దగ్గర, రోడ్డు కనిపించేచోట నిలబడతాను. నువ్వు కారు ఆపగానే, నీతో మాట్లాడక ముందే, బానెట్ మీద చెయ్యి పెడతాను. ఏమనుకోకు. కనుమ ఎక్కి వచ్చిన ఆ ఇంజిను ఏమంటోందో నువ్వు ముందు చెప్పకు, నన్ను చెప్పనివ్వు.

నేను ఎన్నడూ తాకని ఇంజిను అది. నా చెయ్యి దాన్ని చదవగలదో లేదో నాకు తెలియదు.

నీ బావ